కలలో మెలకువ కోసం పడ్డ పాట్లు

ఇది కలే అని కలలో ఉండగానే తెలుసుకోవాలని రెండు నెలలు తంటాలు పడ్డాను. పడుకునే ముందు ధ్యానం చేసేవాణ్ణి. శ్వాసల లెక్క పదికి చేరకముందే గురక. పొరపాటంతా వేళలో ఉందని తర్వాత అర్థమైంది. కనుగుడ్లు చకచకా కదిలే నిద్రదశలోనే స్పష్టమైన కలలు ఎక్కువగా వస్తాయి. ఆ దశ రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే. తెల్లవారుజామున చాలాసేపు సాగుతుంది.

అందుకే 5 గంటల నిద్ర తర్వాత మోగేలా అలారం పెట్టుకున్నాను. లేచి, దీపం వేయకుండా 15 నిమిషాలు శ్వాసను గమనించేవాణ్ణి. దవడ, భుజాలు, అరికాళ్లు ఒక్కొక్కటే వదులు చేసి, "ఈసారి కల వస్తే కల అని గుర్తుపడతాను" అనుకుంటూ పడుకునేవాణ్ణి. ఇలా సంకల్పం చెప్పుకునే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అమెరికా పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్. దవడ సంగతి మాత్రం నా సొంత అనుభవం: అది బిగిసి ఉంటే మనసూ బిగిసే ఉంటుంది.

తొమ్మిదో రోజు గోడ గడియారంలో అంకెలు చూసిన ప్రతిసారీ మారిపోతున్నాయి. కలే! ఆ సంబరానికి వెంటనే మెలకువ వచ్చేసింది. మరోసారి సంబరాన్ని అణచుకుని, కలలోనే అరచేతులు రుద్దుకున్నాను. కల నిలిచింది.

వారానికి రెండు రాత్రులకు మించి చేయను. పగలు కునికిపాట్లు పడలేను మరి.