ఫ్యాక్టరీ ఇళ్లపై పరిశోధన: కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో దేనితో మొదలుపెట్టాలి

ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం నుంచి వచ్చే ఫ్లై యాష్ (కాలిన బొగ్గు బూడిద) ఉన్నందున, గోడలూ స్లాబులూ ఫ్యాక్టరీలో పోతపోసి తెచ్చి బిగించే ఇళ్లకు ఈ ప్రాంతం అనువైనదని అందరూ అంటారు. ఈ అంశం ఎంచుకున్న ఎం.టెక్ విద్యార్థి కూడా సాధారణంగా ఫ్లై యాష్ కలిపిన కాంక్రీటు క్యూబులు (పరీక్ష దిమ్మెలు) పగలగొట్టి బలం చూడటంతోనే మొదలుపెడతాడు. అయితే మన దగ్గర కొరత క్యూబు ఫలితాలకు కాదు. పోతపోసిన గోడ పలక, అంటే ప్యానెల్, ఫ్యాక్టరీ గేటు దాటాక ఏమవుతుందో చెప్పే లెక్కలకు. కాబట్టి మొదటి ప్రాధాన్యం రవాణాకూ చెల్లింపులకూ ఇవ్వాలి.

ముందుగా పరిధి తేల్చుకోండి. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లలో వాడిన షియర్ వాల్ (కాంక్రీటు గోడలే బరువు మోసే) పద్ధతిలో అల్యూమినియం అచ్చులు బిగించి కాంక్రీటును స్థలంలోనే పోస్తారు కనుక అది వేగవంతమైన నిర్మాణమే గాని ఫ్యాక్టరీ నిర్మాణం కాదు. 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగిన, కొత్త నిర్మాణ పద్ధతులను చూపే కేంద్ర ప్రభుత్వ లైట్ హౌస్ ప్రాజెక్టుల్లోనూ చెన్నైలో ప్రీకాస్ట్ (ముందే పోతపోసిన) భాగాలు, రాంచీలో గది గదిగా పోతపోసిన యూనిట్లు, రాజ్‌కోట్‌లో స్థలంలోనే కాంక్రీటు పోసే టన్నెల్ ఫార్మ్‌వర్క్ (సొరంగం ఆకారపు అచ్చులు) వాడారు. వీటన్నిటి ఖర్చులను ఒకే పట్టికలో పోల్చితే ఆ పట్టిక దేనికీ పనికిరాదు.

తర్వాత ఒక్క ప్యానెల్ తీసుకుని దాని ప్రయాణాన్ని లెక్కగట్టండి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న గోడ 1.35 ఘనపు మీటర్లు; ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చొప్పున దాదాపు 3.4 టన్నులు తూగుతుంది. లారీ వెడల్పు పరిమితి 2.6 మీటర్లు కాబట్టి దాన్ని పడుకోబెట్టి తేలేరు. మామూలు లారీలో నిలబెడితే పై అంచు నేల నుంచి నాలుగు మీటర్లు దాటి కరెంటు తీగలకూ ఊరి ముందరి ఆర్చీలకూ అడ్డం పడుతుంది. ఆ బరువుతో ఎర్రగుంట్ల నుంచి కడప మీదుగా రాయచోటికి వెళ్లాలంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాలి. స్థలం చేరాక దించేది హైడ్రా క్రేను. అయితే దానిపై రాసి ఉండే సామర్థ్యం బూమ్ (క్రేను చేయి) దగ్గరగా ఉన్నప్పటిది, బూమ్ చాచేకొద్దీ అది బాగా పడిపోతుంది. అందువల్ల ఇరుకు సందులో అయిదారు మీటర్ల దూరం నుంచి ఎంత ఎత్తగలదో ఆపరేటర్ దగ్గరున్న లోడ్ చార్టు చూసి రాసుకోండి. ఈ ప్రాంతానికి తగిన ప్యానెల్ కొలతను నిర్ణయించేది ఈ లెక్కే.

దీనికి పోలిక కోసం విదేశీ ఉదాహరణలు వెతకనక్కర్లేదు. బేతంచెర్ల, తాడిపత్రి బండలు గనిలో కోసి, లారీలో తెచ్చి, మిద్దెలకూ నేలకూ పరచడం తరతరాలుగా సాగుతున్న సరఫరా గొలుసే. దారిలో పగిలిన బండ నష్టం గని యజమానిదా, లారీదా, మేస్త్రీదా అని అడిగి చూడండి. ప్రీకాస్ట్ ప్రహరీ పలకలు అమ్మేవారినీ అదే అడగండి. ప్రశ్నావళి సగం అక్కడే సిద్ధమవుతుంది.

ప్యానెళ్ల మధ్య అతుకుల విషయం ప్రయోగశాలలో చూసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో అతుకుల్లో నింపే గ్రౌట్ తడి ఆరిపోకుండా క్యూరింగ్ ఎలా చేయాలి, సందులు మూసే సీలెంటు ఎన్ని వేసవులు నిలుస్తుంది అన్న రెండు ప్రశ్నలు చాలు. డిజైన్ నియమాలకు భారత ప్రమాణం ఐఎస్ 15916 ఉంది.

చెల్లింపుల మీద మాత్రం ఎక్కువ సమయం పెట్టండి. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాల్లో బిల్లులు బేస్‌మెంటు, రూఫ్ లెవల్, స్లాబు వంటి దశలను స్థలంలో చూసి ఇస్తారు. ఫ్యాక్టరీ ఇంటికి ఖర్చులో పెద్ద భాగం స్థలంలో బేస్‌మెంటు తప్ప ఇంకేమీ కనబడకముందే అయిపోతుంది. పైగా ఆర్డర్లు ఆగినా అచ్చులపై తీసుకున్న అప్పుకు వడ్డీ ఆగదు. ఫ్యాక్టరీ యార్డులో నిలబెట్టి ఉన్న ప్యానెల్‌ను చూసి బిల్లు పెట్టడానికి ఏ కాగితం కావాలో హౌసింగ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును), బ్యాంకు మేనేజరును, ప్యానెల్ తయారీదారును విడివిడిగా అడిగి, ముగ్గురి జవాబులూ ఎక్కడ కలవడం లేదో ఆ చోటునే మీ పరిశోధన ప్రశ్నగా రాసుకోండి.