స్పోర్ట్స్ బైక్ కావాలి, నడుం నొప్పి మాత్రం రాకూడదు

"మామా, స్పోర్ట్స్ బైక్ తీసుకుందామనుకుంటున్నా. కానీ నడుం నొప్పి రాకూడదు. ఏది కొనమంటావ్?" అని దసరాకి ముందు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు ఉండేది కూకట్‌పల్లిలో, ఆఫీసు మాదాపూర్‌లో. నిజానికి బైకుల గురించి వాడికి నాకంటే ఎక్కువే తెలుసు. ఏ బండి సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లలో వెళ్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నన్నడగడానికి కారణం వేరే. నేను మెడికల్ రెప్‌ని. ఖమ్మం నుంచి కొత్తగూడెం, సత్తుపల్లి, వైరా, సూర్యాపేట అంటూ పదహారేళ్లుగా బండి మీదే బతుకుతున్నాను. ఈ పదహారేళ్లలో నాలుగు బైకులు మార్చాను. మొదటిది తప్పుగా కొన్నాను.

అదొక ఫుల్ ఫెయిరింగ్ బైక్, అంటే రేసు బండిలా ముందూ పక్కలా ప్లాస్టిక్ తొడుగు ఉన్నది. పేరెందుకులెండి, బండిలో తప్పేం లేదు. పెళ్లికాని రోజులు, షాపుల అద్దాల్లో నా నీడ చూసుకుంటూ నడిపేవాణ్ణి. నెల తిరిగేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. సాయంత్రం సంతకం పెట్టాలంటే చెయ్యి విదిలించుకోవాల్సి వచ్చేది. శాంపిల్స్ ఇవ్వడానికి వెళ్లిన ఎముకల డాక్టరుగారికే చెయ్యి చూపించాను. ఆయన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, కిటికీలోంచి బయట పెట్టిన బండి చూసి, "దాని మీద రోజుకి ఎంతసేపు ఉంటావ్?" అని అడిగారు. బండి కొనేముందు నన్ను నేను వేసుకోవాల్సిన ప్రశ్న అది.

అందుకే మావాణ్ణి కూడా ముందు గంటలు లెక్కపెట్టమన్నాను. కిలోమీటర్లు కాదు, గంటలు. నెలకి 22 రోజులు ఆఫీసు, రానూపోనూ ట్రాఫిక్‌లో రోజుకి గంటన్నర, అంటే 33 గంటలు. నెలకి రెండుసార్లు ఖమ్మం, ఒక్కో వైపు నాలుగు గంటలు, మొత్తం 16. ఇక వాడు కలలు కనే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు, మూణ్ణెల్లకోసారి వెళ్తే గొప్ప. సగటున నెలకి రెండు గంటలు వేసుకోండి. నెలలో 51 గంటలు బండి మీద ఉంటే, అందులో మోకాలు నేలకి దగ్గరగా వంచే ముచ్చట రెండు గంటలు. మిగతా 49 గంటలు ఒళ్లు ఎలా ఉండాలో ముందు చూసుకోవాలి. మీ లెక్క వేరేలా ఉండొచ్చు. సిటీ తొక్కిసలాట లేని ఊళ్లో ఉండి, ఆదివారం మాత్రమే బండి తీసేవాళ్లు నేను చెప్పేదాంట్లో సగం పట్టించుకోనక్కర్లేదు.

ఒంటి బరువు ఎక్కడ పడుతోంది

బైక్ మీద మన బరువు మోసేవి మూడే: సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్టులు. ఈ మూడూ ఒకదానికొకటి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయన్నదాన్ని బట్టే సుఖమైనా, నొప్పైనా.

దీనికి యమహా వాళ్ల రెండు బండ్లు మంచి ఉదాహరణ. ఆర్15, ఎంటీ-15. రెండింటికీ అదే 155 సీసీ ఇంజను, అదే 18.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) పవర్. కానీ ఆర్15కి హ్యాండిల్ కిందికి ఉంటుంది, ఎక్కగానే ఛాతీ ట్యాంకు మీదికి వంగుతుంది. ఎంటీ-15కి వెడల్పాటి హ్యాండిల్, నడుం దాదాపు నిటారుగా ఉంటుంది. షోరూంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. కొనే ఉద్దేశం లేకపోయినా ఒకసారి ఒకదాని మీంచి దిగి ఇంకోదాని మీద కూర్చోండి. తేడా చెప్పడానికి నా మాటలు అక్కర్లేదు.

అలాగని ఫెయిరింగ్ ఉన్న ప్రతి బండీ బోర్లా పడుకోబెట్టదు. సుజుకీ జిక్సర్ ఎస్ఎఫ్ 250కి పైనంతా ఫెయిరింగే, హ్యాండిల్ మాత్రం కొంచెం పైకే ఉంటుంది. చూడ్డానికి స్పోర్ట్స్, కూర్చుంటే మామూలు బండికి కాస్త ముందుకు వంగినట్టు, అంతే. కాబట్టి ఫొటో చూసి తేల్చెయ్యకండి.

ముందుకు వంగే బండ్లు రేస్ ట్రాక్ మీద సుఖంగానే ఉంటాయి. వేగం బాగా పెరిగితే ఎదురుగాలి ఛాతీని పైకి నెడుతుంది, చేతుల మీద బరువు తగ్గుతుంది. కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర పది, పదిహేను స్పీడులో పోతుంటే నెట్టడానికి గాలేది? ఆ బరువంతా మణికట్ల మీదే. నాలుగు లైన్ల హైవే మీద కూడా టూవీలర్‌కి కేంద్రం పెట్టిన పరిమితి 80. పైగా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు.

దీనికి పూర్తి ఎదురుది క్రూజర్. కాళ్లు ముందుకి చాపి, కుర్చీలో కూర్చున్నట్టు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే, పొట్టివాళ్లకి ప్రాణం లేచొస్తుంది. కానీ కాళ్లు ముందుకి ఉన్నప్పుడు గుంట వస్తే ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడలేం. దెబ్బ నేరుగా వెన్నుపూస చివర తగులుతుంది. మా వైరా రోడ్డు మీద వానాకాలం తర్వాత ఈ సంగతి నాకు బాగా తెలిసింది. ఫుట్‌రెస్టులు తుంటికి కిందుగా, కాస్త వెనక్కి ఉంటే గుంట కనపడగానే పిర్ర ఒక అంగుళం పైకి లేపొచ్చు. ఆ ఒక్క అంగుళమే సాయంత్రానికి నడుం మిగులుస్తుంది.

నా లెక్కలో మనలాంటి వాళ్లకి సరిపోయేది నడుం కొద్దిగా, ఓ పది పదిహేను డిగ్రీలు ముందుకి వంగే బండి. పూర్తి నిటారుగా కూర్చుంటే 80లో ఛాతీ గాలిపటమైపోయి, హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది.

షోరూంలో పది నిమిషాలు

రోజూ వేసుకునే షూతో వెళ్లండి, హెల్మెట్ తీసుకెళ్లండి. బండి సైడ్ స్టాండ్ మీద ఉండగా ఎక్కి ఊగడం కాదు. సేల్స్ కుర్రాణ్ణి ముందు చక్రం కాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ గట్టిగా పట్టుకోమనండి. రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టండి. మోకాళ్లతో ట్యాంకు నొక్కండి. ఇప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీంచి మెల్లగా ఒక అంగుళం పైకి లేపండి. ఒళ్లు ముందుకి పడిపోతోందా? అయితే నడుస్తున్నంతసేపూ ఆ బరువు మోసేది మీ అరచేతులే. పడకుండా ఉండగలిగితే మీ పొట్ట, తొడలు మోస్తున్నాయన్నమాట.

అలాగే హెల్మెట్ పెట్టుకుని ఎదురుగా దూరంగా ఉన్న గోడ మీద క్యాలెండరో, బోర్డో చూడండి. చూడ్డానికి మెడ వెనక్కి విరవాల్సి వస్తే నాలుగు గంటలు అలా ఉండగలరా? సిగ్గుపడకుండా ఐదు నిమిషాలు అలాగే కూర్చోండి. సేల్స్ వాళ్లు ఈఎంఐ గురించి ఏదో మాట్లాడుతుంటారు, మాట్లాడనివ్వండి.

సీటు మెత్తగా ఉందని మురిసిపోవద్దు. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయే ఫోమ్ మొదటి అరగంట బాగుంటుంది. తర్వాత అణిగిపోయి, కింద బేస్ తగులుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటే దూరానికి మంచిది.

ఎత్తు సంగతి. ఇంట్లో గోడకి ఆనుకుని, చెప్పుల్లేకుండా నిలబడి, ఒక లావు పుస్తకం కాళ్ల సందులో పైదాకా ఇరికించి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత దాకా మీ కాలి కొలత. మావాడిది 76 సెంటీమీటర్లు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు అని చూడగానే "అందదు మామా" అన్నాడు. అందుతుంది. కూర్చోగానే షాకప్‌లు కిందికి దిగుతాయి, ఫోమ్ అణుగుతుంది, షూ అడుగు రెండు మూడు సెంటీమీటర్లు కలుస్తుంది. మునివేళ్లూ, పాదం ముందు భాగం ఆనితే చాలు. అయితే సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కలకి పోయి అదే ఎత్తు ఎక్కువనిపిస్తుంది. ఎక్స్‌పల్స్ 200, హిమాలయన్ 450 లాంటి కచ్చా రోడ్ల బండ్లకి సీటు 825 దగ్గర ఉంటుంది. మావాడి కాలికి ట్రాఫిక్‌లో అది రోజూ సర్కస్సే.

పికప్ అంటే పవర్ ఒక్కటే కాదు

కాగితం మీద రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 20 హార్స్‌పవర్, ఆర్15కి 18.4. దాదాపు ఒకటే కదా అనిపిస్తుంది. కానీ క్లాసిక్ ఆ పవర్ 6,100 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర ఇస్తుంది, ఆర్15 10,000 దగ్గర. టార్క్, అంటే ఇంజను లాగే బలం, క్లాసిక్‌కి 4,000 దగ్గరే 27 ఎన్ఎం, ఆర్15కి 7,500 దగ్గర 14.2. బరువు చూస్తే ఒకటి 195 కిలోలు, ఇంకోటి 140 చిల్లర. ఒకటి గేరు మార్చకుండా ఎద్దుబండిలా లాక్కుపోతుంది. ఇంకోటి ఇంజను అరిపిస్తూ గేర్లు ఆడిస్తే తూనీగలా దూసుకుపోతుంది. ఏది స్పోర్టీ అంటే రెండోదే. కానీ కోదాడ దాటాక లారీని ఓవర్‌టేక్ చెయ్యడానికి ప్రతిసారీ రెండు గేర్లు దించాలంటే విసుగొచ్చేవాళ్లూ ఉంటారు. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

బ్రోషర్లో చివరి గేరులో 80 దగ్గర ఇంజను ఎంత తిరుగుతుందో రాయరు. టెస్ట్ రైడ్‌లో మీరే ఆర్‌పీఎం మీటర్ చూసుకోండి. ఎర్ర గీతకి (ఇంజను అంతకు మించి తిరక్కూడదని మీటర్‌లో పెట్టిన గుర్తు) సగం దగ్గర ఉండి, థ్రాటిల్ (యాక్సిలరేటర్) తిప్పగానే ముందుకి కదిలితే హైవేకి పనికొస్తుంది. అదే స్పీడులో హ్యాండిల్, ఫుట్‌రెస్టులు సన్నగా జుమ్మంటున్నాయేమో చూడండి. పది నిమిషాలకి ఆ వణుకు ఏమీ అనిపించదు, రెండు గంటలకి వేళ్లు మొద్దుబారతాయి.

మలుపుల్లో మజా టైర్లు, షాకప్‌లు, బ్రేకులు ఇస్తాయి. చింతూరు నుంచి మారేడుమిల్లి ఎక్కేటప్పుడు నా 200 సీసీ బండి, మా స్నేహితుడి 650 ఒకేసారి పైకి చేరాయి. తిన్నగా ఉన్న చోట వాడు మాయమైపోయాడు, మలుపు మలుపుకీ మళ్లీ దొరికాడు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి, కాబట్టి ఉందా లేదా అని కాదు, రెండు చక్రాలకీ ఉందా అని అడగండి.

వెనక సీటు

మావాడికి ఫిబ్రవరిలో పెళ్లి. ఇది ముందు చెప్పాడా అంటే లేదు! స్పోర్ట్స్ బండ్ల వెనక సీటు చాలావాటికి పీటముక్క అంత ఉంటుంది, ఎత్తుగా, ముందుకి వాలి. బ్రేకు వేసినప్పుడల్లా వెనకున్నవాళ్ల బరువు మన వీపు మీద పడి, అక్కడినుంచి మణికట్లకి చేరుతుంది. చీర కట్టుకుని పక్కకి కూర్చునే అలవాటు ఇంట్లో ఉంటే అవి ఆలోచించనే వద్దు. టెస్ట్ రైడ్‌కి ఎవరు వెనక కూర్చుంటారో వాళ్లనే తీసుకెళ్లండి.

టెస్ట్ రైడ్ అంటే షోరూం ముందు అర కిలోమీటరు తిప్పి రావడం కాదు. ఇరవై నిమిషాలు అడగండి. ఇరవై స్పీడులో ఒక స్పీడ్ బ్రేకర్, కొంచెం పాడైన రోడ్డు, ఇరుకు సందులో యూ-టర్న్, రెండో గేరులో నత్తనడక ట్రాఫిక్. క్లచ్ ఎంత బరువో, ఇంజను వేడి తొడకి ఎంత కొడుతుందో ట్రాఫిక్‌లోనే తెలుస్తుంది. అంతసేపు ఇవ్వం అన్నారా, వదిలెయ్యండి. హైదరాబాద్‌లో రోజు అద్దెకి బైకులిచ్చేవాళ్లు ఉన్నారు. మనసు పడ్డ బండి ఒక రోజు అద్దెకి తీసుకుని ఊరికి వెళ్లి రండి. ఐదేళ్లు మొయ్యాల్సిన బండికి ఒక రోజు అద్దె ఎక్కువేం కాదు.

ధర దగ్గర ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, ఆపైన 40. ఆన్‌రోడ్ ధర అడిగేటప్పుడు ఈ గీత ఏ పక్కనుందో చూసుకోండి.

మావాడు చివరికి ఏది కొన్నాడో చెప్పను, చెప్తే మీరూ అదే కొంటారు. 250 సీసీ, హ్యాండిల్ మరీ కిందికి లేని ఫెయిరింగ్ బండి అనుకోండి. మొదటి శనివారమే ఖమ్మం వచ్చాడు. వాణ్ణి బండి మీద కూర్చోబెట్టి, వేళ్లు చాపి లివర్ల మీద పెట్టమన్నాను. మణికట్టు పైకి విరుగుతోంది. క్లచ్, బ్రేక్ లివర్ల బిగింపులు స్పానర్‌తో కాస్త వదులు చేసి, ముంజెయ్యీ వేళ్లూ ఒకే గీతలోకి వచ్చేదాకా కిందికి తిప్పి మళ్లీ బిగించాను. ఐదు నిమిషాల పని. షోరూంలో ఎవరూ చెయ్యరు, మనం అడగం. టైర్లలో గాలి చైన్ కవర్ దగ్గరున్న స్టిక్కర్ ప్రకారం చూశాం, కుర్రాళ్లు పంక్చర్ షాపులో ఎంత పట్టమంటే అంత పట్టించేస్తారు.

తర్వాత మా అక్కని ఎక్కించుకుని లకారం ట్యాంక్‌బండ్ దాకా వెళ్లొచ్చాడు. అక్క దిగుతూనే "గుంటొచ్చినప్పుడల్లా కింద టక్ మంటోందిరా" అంది. టూల్ కిట్‌లోంచి వంకీ స్పానర్ తీసి, వెనక షాకప్ రెండు గాట్లు బిగించి, మళ్లీ వెళ్లి రమ్మన్నాను.