కొండకు ఎండు కీమా తీసుకెళ్తున్నారా? నీళ్లు ముందే పోయకండి

ఈ మధ్య వంజంగికి మేఘాలు చూడటానికి వెళ్లిన ఒక కుర్రాళ్ల బృందం సూర్యోదయం చూడకుండానే ఆసుపత్రికి దిగింది. రాత్రి భోజనం చేసిన మూడు నాలుగు గంటలకే వాంతులు మొదలయ్యాయట. వాళ్లలో నాకు తెలిసిన అబ్బాయి పదేపదే ఒకటే మాట అన్నాడు: "కీమా బాగా ఉడికించాం కదండీ!" ఉడికించారు, నిజమే. కానీ ఇంట్లో ఎండబెట్టుకున్న ఆ కీమాను మధ్యాహ్నం విశాఖలో బయలుదేరేటప్పుడే సీసాలో నీళ్లు పోసి నానబెట్టారు. కొండ మీద గ్యాస్ కలిసొస్తుందని వాళ్ల లెక్క.

నవంబరు నుంచి జనవరి దాకా లంబసింగి, అరకు, వంజంగి దారుల్లో గుడారాల సందడే. అమెరికాలో కొండదారులు నడిచేవాళ్లు బీఫ్ కీమాతో చేసుకునే ఈ ఎండు తిండిని వీడియోల్లో చూసి, ఇక్కడ మటన్‌తోనో చికెన్‌తోనో చేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మంచి తిండే. బరువు ఉండదు, పది నిమిషాల్లో కూర తయారవుతుంది. చేతులు కడుక్కోవాలి, గిన్నెలు శుభ్రంగా ఉండాలి అనే పాఠం మీకు నేను చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఆ సీసా గురించే.

ఎండు కీమా చెడకుండా ఉండటానికి కారణం ఒక్కటే, అందులో నీరు లేకపోవడం. నీళ్లు తగిలిన క్షణం నుంచి అది ఎండు కీమా కాదు, ఫ్రిజ్ బయట పెట్టిన మామూలు మాంసం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. ఆ వేడిమిలో మాంసం రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటితే ఒక గంటే గడువు. ఎండలో నడిచే కారు డిక్కీలో, బైకుకు కట్టిన సంచిలో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. ఘాట్ ఎక్కితే చల్లగా ఉంటుంది కదా అంటారు. పదిహేను డిగ్రీల చలి మనకు వణుకు పుట్టిస్తుంది గానీ సూక్ష్మజీవులను ఆపదు.

మరి ఉడికించినా ఎందుకు వాంతులయ్యాయి? లక్షణాలూ, మొదలైన వేళా చూస్తే ఇది స్టెఫైలోకాకస్ పనిలాగే ఉంది. మన చర్మం మీద, ముక్కులో ఉండే సూక్ష్మజీవే అది. తడి మాంసంలో గంటల తరబడి పెరిగిందంటే విషం వదులుతుంది. మరిగిస్తే సూక్ష్మజీవి చస్తుంది, విషం మాత్రం మిగిలిపోతుంది. వాసన మారదు, రుచీ మారదు. అందుకే మళ్లీ చెబుతున్నాను: ముందే నానబెట్టకండి. పొయ్యి వెలిగించాకే నీళ్లు.

మనవాళ్లు ఈ తప్పు ఎందుకు చేస్తారో నాకు అర్థమవుతుంది. ఎండు చేపలు తిని పెరిగిన ఊరు మనది. ఉప్పు చేపను ముందుగా నానబెట్టి ఉప్పు వదిలించడం ప్రతి ఇంట్లో ఉన్న అలవాటే. కానీ ఆ చేపకు ఉప్పు కాపలా ఉంది. కీమాకు ఏ కాపలా లేదు. చేపకు చెల్లిన పద్ధతి కీమాకు చెల్లదు.

ఇంట్లో చేసుకునేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కొవ్వు ఎండదు, కొద్ది రోజులకే ముక్కిపోయిన వాసన వస్తుంది. అందుకని దుకాణంలో సిద్ధంగా ఉన్న కీమా కొనకుండా, తొడ మాంసం చూపించి, కొవ్వు తీయించి, మీ ముందే కొట్టించుకోండి. పచ్చి కీమాను ఎండబెట్టకూడదు. ముందు నూనె లేకుండా పూర్తిగా వండాలి: మటన్, బీఫ్ అయితే లోపలి వేడి 71 డిగ్రీలు, చికెన్ అయితే 74 డిగ్రీలు దాటాలి. ఆరబెట్టే యంత్రంలో ఉండే అరవై డిగ్రీల వేడి సూక్ష్మజీవులను చంపుతుందని నమ్మకండి. తడి ఆరిపోయేకొద్దీ అవి వేడిని మరింత తట్టుకుంటాయి. వండిన కీమాను వేడినీళ్లతో కడిగి, జిడ్డు తీసి, బట్టతో అద్ది ఆరబెట్టండి. ఉడికించే ముందే గుప్పెడు బ్రెడ్ పొడి కలిపితే తర్వాత నీళ్లు బాగా పీల్చుకుంటుంది. లేకపోతే, ముఖ్యంగా చికెన్, ఇసుక నమిలినట్టే ఉంటుంది.

మేడ మీద ఎండలో వద్దు. వడియాలకు సరిపోయే ఎండ మాంసానికి సరిపోదు. పైగా విశాఖ గాలిలో ఎప్పుడూ తేమే. యంత్రం నుంచి తీసిన పళ్లాన్ని రాత్రంతా బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి మెత్తబడుతుంది. చల్లారగానే గాజు సీసాలో మూత బిగించండి. లోపలి గోడకు చెమ్మ పట్టిందా, మళ్లీ ఆరబెట్టాలి. బయట రెండు వారాలకు మించి ఉంచకండి, అంతకు మించితే ఫ్రీజరే. ఫ్రీజర్ నుంచి తీసిన పొట్లాన్ని గది వేడికి వచ్చాకే విప్పండి. లేకపోతే గాలిలో చెమ్మంతా దాని మీదే చేరుతుంది.

కొండ మీద గిన్నెలోనే వండండి. సంచిలో మరిగే నీళ్లు పోసి మూసేసే పద్ధతి వీడియోల్లో బాగుంటుంది. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా గాలితోనే. ఆ చలిగాలిలో సంచి చూస్తుండగానే గోరువెచ్చనవుతుంది, కీమా లోపల గట్టిగానే ఉంటుంది. కీమా మునిగేలా నీళ్లు పోసి మరిగించి, పొయ్యి ఆపి, మూతపెట్టి పది పదిహేను నిమిషాలు వదిలి, మళ్లీ కుతకుతలాడించి వేడివేడిగా తినండి.

ఇక మిగిలినవి ఆజ్ఞలుగానే తీసుకోండి.

నూనె, నెయ్యి, కొబ్బరి విడిగా పట్టుకెళ్లండి, కీమాలో కలిపి ఆరబెట్టవద్దు.

ఒక పూటకు ఒక పొట్లం. పెద్ద డబ్బాలో తడి చెంచా పెట్టారంటే డబ్బా మొత్తం పోయినట్టే.

బూజు కనిపిస్తే ఆ ముక్క కాదు, పొట్లమే పారేయాలి.

మిగిలిన కూర పొద్దున టిఫినుకు దాచవద్దు. చలికి పేరుకుపోయి బాగానే కనిపిస్తుంది. వద్దు.

మిగిలినదాన్ని అక్కడే పారబోయకండి, కుక్కలు గుడారం చుట్టూ చేరతాయి. సంచిలో కట్టి కిందికి తెండి.

గుడారంలో పొయ్యి వెలిగించకండి. బొగ్గుల కుంపటి అసలే వద్దు, తలుపు కొంచెం తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే చంపుతుంది.

గ్యాస్ డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదలకండి.

వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించాకే వాడండి.

సమయం కలిసొస్తుందని ఎవరైనా దారిలోనే సీసాలో నానబెట్టారా? వండకండి, రుచి కూడా చూడకండి, పారబోయండి. ఆ పూటకు అటుకులు తినండి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి రెండైనా ఉండాలి. మలంలో రక్తం గానీ జ్వరం గానీ ఉంటే విరేచనాలు ఆపే మాత్ర వేయకండి. గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ఆగిపోయినా, మనిషి మగతగా ఉన్నా తెల్లారనివ్వకుండా 108కు ఫోను చేసి కిందికి దించండి. ఆ కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఎక్కడిదాకా దిగితే ఫోను కలుస్తుందో గుడారం వేసే ముందే చూసుకోండి.