సర్వర్ వెర్షన్ మార్చే ముందు రిమోట్ జేఎంఎస్ క్లయింట్ విషయంలో జాగ్రత్తలు

వైల్డ్‌ఫ్లై (జావా అప్లికేషన్లు నడిపే సర్వర్) 26 నుంచి 27కి గానీ ఆ పై వెర్షన్‌కి గానీ మారినప్పుడు సర్వర్ చక్కగా లేస్తుంది, క్యూలు కనిపిస్తాయి, పోర్టు తెరిచే ఉంటుంది. బయటి నుంచి జేఎంఎస్‌తో (జావా ప్రోగ్రాములు మెసేజ్‌లు పంపుకునే ఏపీఐ) కనెక్ట్ అయ్యే క్లయింట్ మాత్రం క్లాస్ దొరకలేదంటూ ఆగిపోవచ్చు. వెంటనే అందరి అనుమానం ఫైర్‌వాల్ మీదికే పోతుంది. ఫైర్‌వాల్ అడ్డుపడితే వచ్చేది టైమౌట్ లేదా కనెక్షన్ నిరాకరణ. క్లాస్ లోడింగ్ ఎర్రర్ వచ్చిందంటే వెతకాల్సింది క్లయింట్ మెషీన్‌లోని జార్లలో (జావా క్లాసులు కట్టగట్టిన ఫైళ్లలో). అందుకే సర్వర్‌ని ముట్టుకోక ముందే క్లయింట్ సంగతి తేల్చుకోవాలి.

27తో జావాఎక్స్.జేఎంఎస్ ప్యాకేజీ పోయి జకార్తా.జేఎంఎస్ వచ్చింది. ఇంపోర్టులు మార్చి కంపైల్ చేస్తే పని అయిపోయిందనుకోవద్దు. వైల్డ్‌ఫ్లైలో మెసేజింగ్ నడిపేది ఆర్టెమిస్. దాని క్లయింట్ రెండు రూపాల్లో దొరుకుతుంది: పాత ప్యాకేజీకి ఆర్టెమిస్-జేఎంఎస్-క్లయింట్, కొత్తదానికి ఆర్టెమిస్-జకార్తా-క్లయింట్. రెండింట్లోనూ కనెక్షన్ ఫ్యాక్టరీ క్లాస్ పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కటే, అది అమలు చేసే ఇంటర్‌ఫేస్ మాత్రం వేరు. రెండు జార్లూ క్లాస్‌పాత్‌లో (జావా క్లాసులు వెతికే చోట్ల జాబితాలో) ఉంటే ముందు ఏది దొరికితే అదే లోడ్ అవుతుంది. ల్యాప్‌టాప్‌లో నడిచిన కోడే ప్రొడక్షన్‌లో క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ ఇస్తోందంటే మొదట చూడాల్సింది ఇక్కడే. మేవెన్ (లైబ్రరీలు తెచ్చిపెట్టే బిల్డ్ టూల్) డిపెండెన్సీ ట్రీ తీసి, పాత క్లయింట్ ఏ లైబ్రరీ వెంట వస్తోందో పట్టుకుని అక్కడే ఎక్స్‌క్లూడ్ చేయండి. వార్ ఫైల్ (సర్వర్‌లో పెట్టే వెబ్ అప్లికేషన్ ప్యాకేజీ) లైబ్ ఫోల్డర్‌లో జేఎంఎస్ ఏపీఐ జార్ మిగిలిపోయినా ఇదే గొడవ రావచ్చు: సర్వర్ ఇచ్చే ఇంటర్‌ఫేస్, మీరు తెచ్చుకున్న ఇంటర్‌ఫేస్ పేరులో ఒకటే అయినా వేర్వేరు క్లాస్ లోడర్ల (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగాలు) నుంచి వస్తే, జేవీఎం (జావా కోడ్ నడిపేది) లెక్కలో అవి రెండు వేర్వేరు క్లాసులు.

మేవెన్ లేకుండా నడిపేవాళ్లు సర్వర్ బిన్ డైరెక్టరీలోని క్లయింట్ ఫోల్డర్ నుంచి జేబాస్-క్లయింట్ జార్ తీసుకోండి, అది కూడా సర్వర్ ఏ వెర్షనో ఆ వెర్షన్‌దే. జేఎన్‌డీఐ లుకప్‌లో (పేరు ఇచ్చి ఆబ్జెక్ట్ తెచ్చుకోవడం) సర్వర్ నుంచి వచ్చేది ఫ్యాక్టరీ ఆబ్జెక్ట్, దాని క్లాస్ క్లయింట్ దగ్గర లేకపోతే తెరుచుకోదు. మేవెన్ వాడేవాళ్లు వైల్డ్‌ఫ్లై జేఎంఎస్ క్లయింట్ బామ్ (ఒకదానికొకటి సరిపోయే లైబ్రరీ వెర్షన్ల జాబితా) వాడాలి. రెండూ కలిపి పెట్టకండి.

కంపైలర్ కంటికి కనపడని చోట్లు కూడా ఉన్నాయి. ప్రాపర్టీస్ ఫైళ్లు, ఎక్స్ఎంఎల్, మెసేజ్ డ్రివెన్ బీన్‌లో (మెసేజ్ రాగానే నడిచే క్లాస్) డెస్టినేషన్ టైప్ విలువ: వీటిలో క్లాస్ పేరు ఉత్త స్ట్రింగ్‌గా ఉంటుంది. ప్రాజెక్ట్ మొత్తం మీద జావాఎక్స్.జేఎంఎస్ అని గ్రెప్ చేయండి (వెతకండి). జేఎన్‌డీఐ సెట్టింగ్‌లో కాంటెక్స్ట్ ఫ్యాక్టరీ పేరు కూడా చూసుకోండి. వైల్డ్‌ఫ్లై 11 నుంచి వాడాల్సింది వైల్డ్‌ఫ్లై ఇనిషియల్ కాంటెక్స్ట్ ఫ్యాక్టరీ.

అన్నీ సరిగ్గా ఉన్నా కొందరికి ఐడీఈలో (కోడ్ రాసే టూల్‌లో) పనిచేసి, ఫ్యాట్ జార్‌గా (లైబ్రరీలన్నీ లోపలే ఉన్న ఒకే జార్) నడిపితే క్లాస్ నాట్ ఫౌండ్ వస్తుంది. లుకప్ ఏ థ్రెడ్ మీద జరుగుతోందో చూడండి. జేఎన్‌డీఐ ఆ థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్ లోడర్‌తోనే ఫ్యాక్టరీని వెతుకుతుంది. జావా 9 నుంచి ఫోర్క్ జాయిన్ కామన్ పూల్ (జావా అందరికీ కలిపి ఇచ్చే థ్రెడ్ల గుంపు) థ్రెడ్లకు ఉండేది సిస్టమ్ లోడర్, దానికి స్ప్రింగ్ బూట్ జార్ లోపల దాచిన లైబ్రరీలు కనపడవు. కంప్లీటబుల్ ఫ్యూచర్ మామూలుగా ఆ పూల్‌నే వాడుతుంది, కాబట్టి దానికి సొంత ఎగ్జిక్యూటర్ ఇవ్వండి. లేదంటే లుకప్‌కు ముందు లోడర్ సెట్ చేసి, ఫైనలీ బ్లాక్‌లో పాతది తిరిగి పెట్టండి.

లాగ్‌లో నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్‌తో పాటు 'కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్' అని ఉంటే జార్ వెతకడం దండగ. క్లాస్ దొరికింది, దాని స్టాటిక్ బ్లాక్ ఫెయిలైంది. అసలు కారణం అదే లాగ్‌లో పైన, మొదటిసారి పడిన ట్రేస్‌లో ఉంటుంది. అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ 61 అంటే ఆ జార్ జావా 17కి కంపైల్ అయింది, 55 అంటే 11కి; నడుపుతున్న జావా దానికంటే పాతది.

ఆబ్జెక్ట్ మెసేజ్ (జావా ఆబ్జెక్ట్‌నే పంపే మెసేజ్) వాడేవాళ్లకు ఇంకో గండం ఉంది. కనెక్షన్ కుదురుతుంది, మెసేజ్ వస్తుంది, గెట్ ఆబ్జెక్ట్ దగ్గర పడిపోతుంది. పేలోడ్ (మెసేజ్‌లో పంపే ఆబ్జెక్ట్) క్లాస్ రెండు వైపులా ఒకే సీరియల్ వెర్షన్ యూఐడీతో (క్లాస్ వెర్షన్ గుర్తు) ఉండాలి. క్లాస్ మారుతుంటే అప్‌గ్రేడ్‌కు ముందే క్యూ ఖాళీ చేయండి. ఆర్టెమిస్ బదులు యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్ బ్రోకర్ వాడుతుంటే, అది 5.12.2, 5.13.0 నుంచి నమ్మకమైన ప్యాకేజీల జాబితా అడుగుతుంది. అక్కడ మీ ప్యాకేజీ పేరే రాయండి. తొందరలో అన్నింటినీ నమ్మమని నక్షత్రం పెడితే, ఎవరో పంపిన ఆబ్జెక్ట్ మీ మెషీన్‌లో కోడ్ నడిపే దారి తెరిచినట్టే. వీలుంటే జేసన్ టెక్స్ట్ మెసేజ్‌కి మారిపోండి, ఈ బాధ మొత్తం పోతుంది.

రిహార్సల్ ప్రొడక్షన్‌కి వెళ్లే అదే జార్‌తో, వేరే మెషీన్‌లో చేయండి. జావా 9 ఆపైన ఎక్స్‌లాగ్ అనే జావా ఆప్షన్‌లో క్లాస్+లోడ్ ఆన్ చేస్తే ప్రతి క్లాస్ పక్కనా 'సోర్స్' అని అది ఏ జార్ నుంచి వచ్చిందో పడుతుంది. జావా 8లో వెర్బోస్ క్లాస్ ఆప్షన్ చాలు. కనెక్షన్ ఫ్యాక్టరీ వరుస ఒక్కటి చూస్తే రెండు జార్ల గొడవ బయటపడుతుంది.

మార్పు రోజున పాత లైబ్ ఫోల్డర్‌లోకి కొత్త జార్లు కాపీ చేయొద్దు. ఫోల్డర్ మొత్తం పేరు మార్చి పక్కన పెట్టి, కొత్తది ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెట్టండి. వెనక్కి రావాల్సి వస్తే సర్వర్‌తో పాటు ఆ పాత ఫోల్డర్‌ని కూడా అలాగే వెనక్కి తేవాలి.