చెరువు నీళ్లు పచ్చబారితే

ఎండలు ముదిరేకొద్దీ అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో చాలా చెరువులు అడుగంటుతాయి. మిగిలిన కాసిని నీళ్లు కదలిక లేక వేడెక్కుతాయి. పొలాల్లోంచి కొట్టుకొచ్చిన యూరియా, డీఏపీ, ఊరి మురుగు అన్నీ అందులోనే చిక్కబడతాయి. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులకు కావాల్సింది సరిగ్గా ఇదే. కొద్ది రోజుల్లోనే పెరిగిపోయి, పచ్చ పెయింటు ఒలకబోసినట్టు నీటి మీద తెట్టె కడతాయి.

ప్రతి తెట్టెలోనూ విషం ఉండదు. కానీ ఉందో లేదో ల్యాబులో తేలాల్సిందే, కంటికి తెలీదు. కర్రతో ఎత్తి చూడండి. పోగులు పోగులుగా వేలాడితే చాలావరకు మామూలు నాచే. రంగులా కర్రకు అంటుకుంటే మాత్రం జీవాలను ఆ నీటికి తోలొద్దు.

వీటి కణాల్లో గాలి బుడగల్లాంటివి ఉంటాయి. అందుకే గాలి లేని పొద్దున పూట పైకి తేలతాయి. గాలి లేచాక నీళ్లలో కలిసిపోతాయి, లేదా ఒక ఒడ్డుకు చేరతాయి. మధ్యాహ్నం చెరువు తేటగా కనిపించిందని మోసపోవద్దు. గాలి తోసిన ఒడ్డునే విషం ఎక్కువ, గొర్రెలు దిగి తాగేదీ ఒడ్డునే. ఎనుములు, కుక్కలు ఆ నీళ్లలో దిగితే ఒళ్లు నాక్కోకముందే మంచినీళ్లతో కడగాలి. తూలడం, వణకడం, నురగ కక్కడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి. కొన్ని విషాలు గంటల్లోనే ప్రాణం తీస్తాయి.

"కాచి తాగుతున్నాం, మాకేం టెన్షన్ లేదు" అనేవాళ్లతోనే అసలు చిక్కు. మైక్రోసిస్టిన్ అనే విషం లివర్‌ను దెబ్బతీస్తుంది, కాచినా పోదు. పైగా వేడికి కణాలు పగిలి లోపలి విషం నీళ్లలోకి దిగుతుంది. తెట్టె పోవాలని మైలుతుత్తం చల్లినా అదే జరుగుతుంది. ఎప్పుడూ తాగే నీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ (ఆ విషంలోనే ఒక రకం) లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఇంత తక్కువ మోతాదు రుచిలో, వాసనలో ఏం తెలుస్తుంది? ఆ నీళ్లు తాగడానికి, వంటకు వద్దు.

పిల్లల ఈతలు కూడా ఆపించండి. దురద, కళ్ల మంట, వాంతులు, విరేచనాలు వస్తే ఏ చెరువులో దిగారో డాక్టరుకు చెప్పాలి.

చచ్చి తేలిన చేపలను ముట్టుకోవద్దు. పచ్చదనం విరిగాక కూడా విషం నీళ్లలో కొన్ని వారాలు నిలవొచ్చు, కాబట్టి అప్పటిదాకా జీవాలకు బోరు నీళ్లతో తొట్లు నింపండి.