ఇంటి పక్క పార్కు, కొత్త కట్టడాలు: కౌంటీ ప్రభుత్వానికి మన మాట చేరవేయడం ఎలా?

వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, ముఖ్యంగా యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, ఆల్డీ, సౌత్ రైడింగ్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంటి వెనక చెట్లను ఒక ఉదయం యంత్రాలు కూల్చడం మొదలుపెట్టగానే వాట్సాప్ గ్రూపుల్లో ఆందోళన మొదలవుతుంది, సంతకాలు సేకరిస్తారు, కౌంటీకి మెయిళ్ళు వెళ్తాయి. అయితే చెట్లు కూలే నాటికి ఆ స్థలంపై నిర్ణయం జరిగి చాలా కాలమై ఉంటుంది. మన మాటకు చట్టపరంగా విలువ ఉండే సమయం అంతకు ఎంతో ముందే వచ్చి వెళ్ళిపోతుంది. ఆ సమయాన్ని ఎలా గుర్తించాలో, అప్పుడు ఏమి అడగాలో లౌడన్ కౌంటీ పద్ధతి ఆధారంగా వివరిస్తున్నాను. ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారికి పేర్లు, గడువులు మారతాయి.

ముందుగా ఆ స్థలం ఎవరిదో తేల్చుకోండి

అన్ని పార్కులూ కౌంటీవి కావు. కాలనీ లోపల ఉయ్యాలలు, జారుడుబల్లలు ఉన్న చిన్న స్థలం సాధారణంగా హెచ్‌ఓఏది, అంటే ఇళ్ళ యజమానుల సంఘానిది. లీస్‌బర్గ్‌లోని ఐడా లీ పార్కు ఆ పట్టణానిది. బీవర్‌డ్యామ్ రిజర్వాయర్ పార్కును, డబ్ల్యూ అండ్ ఓడీ కాలిబాటను చూసుకునేది నోవా పార్క్స్ అనే ప్రాంతీయ సంస్థ. ఆల్డీలోని హాన్సన్ రీజినల్ పార్కు మాత్రం కౌంటీ పార్కుల విభాగానిది. రోడ్ల విషయంలోనూ చాలామంది పొరబడతారు: వర్జీనియాలో దాదాపు అన్ని కౌంటీల్లో ప్రజా రహదారుల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖ చేతిలో ఉంటుంది కనుక, రోడ్డు మీది గుంత గురించి కౌంటీకి రాస్తే దాన్ని అటు పంపడం తప్ప వారు చేయగలిగింది తక్కువ. కౌంటీ వెబ్‌సైట్‌లో చిరునామా ఇచ్చి చూస్తే ఆ స్థలం యజమాని పేరు, జోనింగ్ (అక్కడ ఏమి కట్టవచ్చో చెప్పే వర్గీకరణ) రెండూ తెలుస్తాయి.

దరఖాస్తు ఏ దశలో ఉందో చూడండి

రోడ్డు పక్కన పబ్లిక్ హియరింగ్ (ప్రజల మాట వినే అధికారిక సభ) నోటీసు బోర్డు కనిపిస్తే కారు ఆపి దాని ఫొటో తీసుకోండి. అక్కడ కట్టడానికి పెట్టుకున్న దరఖాస్తు సంఖ్య, హియరింగ్ తేదీ మీకు అవసరం. ఆ సంఖ్యతో లోలా అనే కౌంటీ ఆన్‌లైన్ వ్యవస్థలో వెతికితే ప్లాన్లు, ట్రాఫిక్ అధ్యయనం, వివిధ శాఖల అభిప్రాయాలు అన్నీ దొరుకుతాయి. అయితే నోటీసు బోర్డు పెట్టే నాటికే దరఖాస్తు చాలా దూరం వచ్చి ఉంటుంది కాబట్టి, మీ ప్రాంతంలోని దరఖాస్తులను నెలకొకసారి లోలాలో చూసే బాధ్యతను కాలనీలో ఒకరిద్దరు తీసుకోవడం మేలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. ప్రస్తుత జోనింగ్ అనుమతించే కట్టడమే అయితే దాన్ని బై-రైట్ అంటారు. నిబంధనలన్నీ పాటించిన యజమానికి అనుమతి ఇవ్వాల్సిందే. హియరింగ్ ఉండదు, కౌంటీ పాలక మండలి అయిన బోర్డు ఓటూ ఉండదు. రీజోనింగ్ (జోనింగ్ మార్పు) లేదా స్పెషల్ ఎక్సెప్షన్ (ప్రత్యేక అనుమతి) కావలసినప్పుడే బోర్డుకు కాదనే అధికారం, మనకు మాట్లాడే అవకాశం వస్తాయి. యాష్‌బర్న్ చుట్టూ డేటా సెంటర్లు అంత వేగంగా పెరగడానికి ఈ బై-రైట్ హక్కు ఒక పెద్ద కారణం. నివాసితులు ఏళ్ళ తరబడి అడిగిన తరువాత 2025 మార్చిలో బోర్డు ఆ హక్కును తొలగించింది. అంటే ఒక్కొక్క కట్టడాన్ని అడ్డుకోలేని చోట నిబంధననే మార్చమని అడగడం కూడా సరైన దారే, కాకపోతే దానికి ఓపిక కావాలి.

ప్రోఫర్లను వాక్యం వాక్యం చదవండి

రీజోనింగ్ కోరే డెవలపర్ తాను స్వచ్ఛందంగా ఒప్పుకునే షరతులను లిఖితపూర్వకంగా ఇస్తారు. వాటినే ప్రోఫర్లు అంటారు. బోర్డు ఆమోదించాక అవి ఆ భూమికి చట్టంలా కట్టుబడి ఉంటాయి, యజమాని మారినా పోవు. నా అభిప్రాయంలో సామాన్య నివాసి సమయం వెచ్చించవలసిన పత్రం ఇదొక్కటే, ఎందుకంటే కౌంటీ తనంతట తాను షరతు విధించడం కష్టమైన చోట కూడా డెవలపర్ తానుగా ఒప్పుకుంటే పని జరుగుతుంది.

చదివేటప్పుడు ప్రతి హామీకి ఎదురుగా ‘ఎప్పటిలోగా?’ అని రాసుకోండి. కాలిబాట వేస్తామని ఉంటుంది, కానీ ఏ దశలోపు అన్నది చూడాలి. మూడు వందల ఇళ్ళ ప్రాజెక్టులో చివరి ఇంటికి ఆక్యుపెన్సీ పర్మిట్ (నివాసానికి అనుమతి) వచ్చేలోపు అని రాస్తే, నిర్మాణం మధ్యలో ఆగిపోయినప్పుడు ఆ కాలిబాట ఎప్పటికీ రాకపోవచ్చు. అదే యాభయ్యో ఇంటిలోపు అని మార్పించగలిగితే పిల్లలు బడి వయసులో ఉండగానే అది అందుబాటులోకి వస్తుంది. అలాగే పార్కు కోసం ఇస్తామన్న స్థలం వరద ముంపు ప్రాంతంలో ఉందా, నిటారు వాలుగా ఉందా, అందులో నిజంగా ఆటస్థలం పడుతుందా అని ప్లాన్‌లో చూడండి.

ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. 2016లో వర్జీనియా చట్టసభ నివాస ప్రాజెక్టుల ప్రోఫర్లపై ఆంక్షలు పెట్టి, 2019లో వాటిని కొంత సడలించింది. అందువల్ల మీరు అడిగేది ఆ ప్రాజెక్టు వల్ల కలిగే ప్రభావానికి సంబంధించినదై ఉండాలి. కౌంటీలో ఎప్పటినుంచో ఉన్న కొరతలన్నీ ఒకే డెవలపర్ తీర్చాలని కోరితే ఆ మాట నిలబడదు.

హియరింగ్‌కు ముందే కలవండి

ప్రతి దరఖాస్తుకు కౌంటీలో ఒక ప్రాజెక్ట్ ప్లానర్ ఉంటారు. ఆయనకో ఆమెకో మర్యాదగా ఫోన్ చేసి, సిబ్బంది లేవనెత్తిన అభ్యంతరాలేమిటని అడగండి; ఓపికగా చెబుతారు. తరువాత మీ జిల్లా సూపర్‌వైజర్ (మీ జిల్లా తరఫు బోర్డు సభ్యులు) కార్యాలయంలో సమయం తీసుకోండి. లౌడన్ బోర్డులో తొమ్మిది మంది ఉంటారు: ఎనిమిది జిల్లాలకు ఒక్కొక్కరు, కౌంటీ మొత్తం ఎన్నుకునే ఛైర్ ఒకరు. వారి కంటే ముందు ప్లానింగ్ కమిషన్ హియరింగ్ జరుపుతుంది. కమిషన్‌ది సిఫారసు మాత్రమే అయినా ప్రోఫర్లలో మార్పులు ఎక్కువగా సాధ్యమయ్యేది అక్కడే. అది వదిలేసి నేరుగా బోర్డు హియరింగ్‌కు వెళ్ళడం ఆలస్యమైన పని.

లేఖ ఒక పేజీ దాటకూడదు. దరఖాస్తు సంఖ్య, మీరు ఉండే ప్రాంతం, ఒకటో రెండో కోరికలు, వాటికి కారణం చాలు. కౌంటీ 2019లో ఆమోదించిన సమగ్ర ప్రణాళికలో మీ మాటకు మద్దతిచ్చే అంశం ఉంటే దాన్ని ఉదహరించండి, ఎందుకంటే సిబ్బంది నివేదిక కూడా ఆ ప్రణాళికనే కొలమానంగా తీసుకుంటుంది. ఒకే మెయిల్‌ను వంద మంది కాపీ చేసి పంపడం కంటే పది కుటుంబాలు తమ తమ అనుభవాన్ని రాయడం ఎక్కువ పనిచేస్తుంది. మీరు రాసినది ప్రభుత్వ రికార్డు అవుతుంది కనుక పిల్లల పేర్లు, బడి వివరాలు అందులో పెట్టకండి.

మాట్లాడే రోజు

ముందుగా పేరు నమోదు చేసుకోండి. మాట్లాడడానికి పౌరసత్వం అక్కరలేదు. హెచ్-1బీ మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా నిస్సంకోచంగా మాట్లాడవచ్చు. ఇంగ్లీషు ఉచ్చారణ గురించి బెంగ పడనక్కరలేదు. సమయం రెండు మూడు నిమిషాలే కాబట్టి కోరికను మొదటే చెప్పాలి. ఇలా ఉంటే చాలు:

‘నేను ఆల్డీలో ఉంటాను. ప్లాన్‌లో తూర్పు సరిహద్దున చూపిన కాలిబాట పార్కును చేరకముందే ఆగిపోయింది. దాన్ని పార్కు వరకు పొడిగించి, యాభయ్యో ఇంటికి ఆక్యుపెన్సీ పర్మిట్ ఇచ్చేలోపు పూర్తి చేసేలా ప్రోఫర్‌లో చేర్చమని కోరుతున్నాను. మా ఇంట్లో పెద్దవాళ్ళు కారు నడపరు. వారికి నడిచి చేరగలిగినదే పార్కు.’

‘ఇక ఇళ్ళు కట్టనివ్వకండి’ అనే మాటకు చప్పట్లు వస్తాయేమో గాని, దాన్ని ఓటుకు పెట్టే వీలు బోర్డుకు ఉండదు.

కొత్త పార్కు, క్రికెట్ మైదానం కావాలంటే

దీనికి దారి బడ్జెట్. కౌంటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ప్రతిపాదిత బడ్జెట్ ఫిబ్రవరిలో వస్తుంది, ఆ తరువాత హియరింగ్‌లు జరిగి ఏప్రిల్‌లో ఆమోదం పొందుతుంది. నిర్మాణ పనులన్నీ అందులోని మూలధన ప్రణాళికలో ఏళ్ళ ముందే చోటు సంపాదించుకోవాలి. కనుక శీతాకాలం రాకముందే పార్కుల సలహా మండలి సమావేశానికి వెళ్ళి, ఎంతమంది ఆడుతున్నారో, ఏ మైదానం కోసం ఎంత దూరం వెళ్తున్నారో లెక్కలతో చెప్పండి.

నిర్ణయం తరువాత

రీజోనింగ్ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయాలంటే గడువు 30 రోజులే, న్యాయవాది సాయం తీసుకోవడం మేలు. ఆమోదం పొందిన ప్రోఫర్ల తుది ప్రతిని లోలా నుంచి దించుకొని కాలనీలో నలుగురి దగ్గర ఉంచండి. నాటిన చెట్లు ఎండిపోయినా, ఒప్పుకున్న కాలిబాట గడువు దాటినా కౌంటీ జోనింగ్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. అందులో దరఖాస్తు సంఖ్యతో పాటు ప్రోఫర్ పేరా సంఖ్య, తేదీ ఉన్న ఫొటో జతచేయండి.