ముసురు పట్టకముందే: ఇంట్లో ఆయిల్ పెయింటింగ్ వేసేవాళ్లకు జాగ్రత్తలు

నెల్లూరు, ఒంగోలు వైపు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. వాయుగుండం వచ్చిందంటే రెండు మూడు రోజులు కిటికీ కూడా తీయలేం. ఇల్లు కదలలేని ఆ రోజులు చూసుకుని ఏదో ఒక గొప్ప చిత్తరువుకు నకలు వేసి చేయి తిప్పుకుందామనుకునేవాళ్లు ఉంటారు. రష్యన్ చిత్రకారుడు రేపిన్ 1881లో వేసిన సంగీతకర్త ముసోర్గ్‌స్కీ చిత్తరువు అందుకు చక్కని ఎంపిక. చెదిరిన జుట్టు, ఎర్రబారిన ముక్కు, ఆకుపచ్చ అంగీకి ముదురు ఎరుపు పట్టీలు, వెనక లేత గోడ తప్ప ఇంకేమీ లేదు. కానీ తలుపులు మూసిన గదిలో, రంగును పలచన చేసే టర్పెంటైన్ సీసా మూత తీసే ముందు కొన్ని ఏర్పాట్లు కావాలి.

అన్నిటికంటే ముందు గుడ్డపేలికల సంగతి. రంగు తుడిచిన పాత పంచె ముక్కను ఉండచుట్టి మూలన పడేస్తాం. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. కాన్వాస్ మీద పలచగా ఉన్నంతవరకు అది తెలియదు. ఉండచుట్టిన గుడ్డలో మాత్రం బయటికి పోయే దారి లేక పెరిగి పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకోవచ్చు. కొన్ని గంటలు చాలు. ఎండాకాలమైతే ఆరుబయట దండెం మీద విడివిడిగా పరిచేవాళ్లం. వానలో అది కుదరదు కాబట్టి మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డలు పూర్తిగా మునిగేలా వేసి, వరండాలో పెట్టండి. ప్లాస్టిక్ సంచి పనికిరాదు. ఎంత నిద్ర ముంచుకొస్తున్నా ఇది చేసే పడుకోవాలి.

టర్పెంటైన్ సుమారు 35 డిగ్రీల దగ్గరే నిప్పందుకునేంత ఆవిరి వదులుతుంది. కరెంటు పోగానే కొవ్వొత్తి వెతుక్కునే అలవాటుంటే ముందే టార్చిలైటు దగ్గర పెట్టుకోండి. కార్తీక మాసం కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. గడపలో దీపాలు పెట్టే పూట సీసా ముట్టుకోకపోవడమే మంచిది. ఎదురెదురు కిటికీలు కొద్దిగానైనా తెరిచి ఉండాలి. ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది కనుక దాన్ని నమ్ముకోవద్దు. వాసన కాసేపటికి ముక్కుకు అలవాటైపోతుంది కాబట్టి ముక్కునూ నమ్మవద్దు. కిటికీ తీయలేని రోజున టర్పెంటైన్ జోలికి పోకుండా బొగ్గుతో రేఖలు సరిచేసుకోండి. ముఖం పోలిక ఎలాగూ అక్కడే కుదరాలి. వాడిన టర్పెంటైన్‌ను సింకులో పోయకండి. గాజు సీసాలో కదపకుండా ఉంచితే మడ్డి అడుగున చేరుతుంది, పైతేట మళ్లీ పనికొస్తుంది.

తడి గాలికి కాన్వాస్ వదులవుతుంది. కంగారుపడి బట్టను బిగించడానికి చట్రం మూలల్లో చెక్క చీలలు దిగ్గొట్టకండి. వాన వెలిశాక బట్ట బిగుసుకుంటే రంగు పగుళ్లిస్తుంది. చెమ్మ గోడకు ఆనించవద్దు, వెనకవైపు బూజు పడుతుంది. 2021 నవంబరులో పెన్న వరద చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, రంగుల పెట్టె, సీసాలు నేలమీద ఉంచకండి.

ముసురులో రంగు ఇంకా నెమ్మదిగా ఆరుతుంది. అందుకే తొలిపొరకు అంబర్ అనే గోధుమ రంగు తీసుకోండి, అది త్వరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ అనే నల్లరంగుతో మొదలుపెడితే వారమైనా వేలికి అంటుతూనే ఉంటుంది. కింది పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. తిరగేస్తే పై పొర చిట్లుతుంది.

మబ్బు పగలు, పసుపు బల్బు వెలుగులో కలిపిన చర్మపు రంగు ఎండ రాగానే వెలవెలబోతుంది. తెల్లని బల్బు ఒకటి అమర్చుకుని దానికే కట్టుబడండి. ఇంటర్నెట్‌లో ఒకే చిత్తరువు రకరకాల రంగుల్లో కనబడుతుంది. ఒకటి ఎంచుకుని అచ్చు తీయించి పక్కన పెట్టుకుంటే చాలు. ఫోను తెర అయితే వెలుగు దానంతట అది మారకుండా చూసుకోండి.

సంక్రాంతికి చుట్టాలు వస్తున్నారని వార్నిష్ పూయవద్దు. కనీసం ఆరు నెలలు ఆగాలి. అప్పటిదాకా పడకగది చీకట్లో దాచకుండా వెలుతురున్న గోడకే ఉంచండి, చీకటిలో అవిసె నూనె పచ్చబడుతుంది.